టేబుల్ మీద పోయిన దళం తర్వాతి యుద్ధానికీ పోయినట్టేనా? (క్లబ్ కాంపెయిన్ రూల్స్ చర్చ)

మ్యాప్‌మాస్టర్:
మాది బొమ్మ సైనికులతో టేబుల్ మీద యుద్ధాలు ఆడే క్లబ్. ప్రష్యా ఒకవైపు, ఆస్ట్రియా, రష్యాలు ఇంకోవైపు పోరాడిన ఏడేళ్ల యుద్ధం (1756–63) మీద క్లబ్ కాంపెయిన్‌కి, అంటే ఒకదానికొకటి ముడిపడిన యుద్ధాల వరసకి, రూల్స్ రాస్తున్నాం. ఎనిమిది మంది ఆటగాళ్లు, ఒక అంపైర్, 15 ఎంఎం బొమ్మలు. మ్యాప్‌లో సాక్సనీ, బొహీమియా, సైలీషియా ఉంటాయి. ఒక మ్యాప్ టర్న్ అంటే పది రోజులు. సైన్యాలు ఎదురుపడితే టేబుల్ మీద తేల్చుకోవాలి. ఒక్కో పక్షానికి 24 దళాలు. మిగతా అంతా కుదిరింది గానీ ఒక్కచోట క్లబ్ రెండుగా చీలింది. టేబుల్ మీంచి తీసేసిన దళం తర్వాతి యుద్ధంలో ఉండాలా, వద్దా? కారణాలతో చెప్పండి. "మీ ఇష్టం" అనే జవాబు మాత్రం వద్దు.

తెల్లకోటు:
ఉండకూడదు. నష్టం మోసుకెళ్లకపోతే అది కాంపెయిన్ కాదు, వరసగా ఆడిన విడి ఆటలు. రేపటి లెక్క లేనప్పుడు ఎవరూ వెనక్కి తగ్గరు. చివరి టర్న్‌లో మిగిలిన గ్రెనేడియర్లను (ఏరికోరిన కాల్బలాన్ని) కూడా ఊరి గోడల మీదికి తోలేస్తారు, పోతే పోయేది బొమ్మలేగా అని. అదే దళం వచ్చే యుద్ధంలో దొరకదంటే ఆట తీరే మారిపోతుంది. రిజర్వుని దాచుకుంటారు, ఫిరంగుల్ని ముందే వెనక్కి లాగుతారు, ఓడుతున్నామని మూడో టర్న్‌కే గుర్తుపట్టి బయటపడే దారి చూసుకుంటారు.

కొలతబద్ద:
వాదన బాగుంది, లెక్కే బాగోలేదు. 24కి 24 మొదలుపెట్టండి. మామూలు యుద్ధంలో ఓడినవాడివి ఎనిమిది, గెలిచినవాడివి నాలుగు దళాలు పోతాయి. ఇప్పుడు 20కి 16. రెండో యుద్ధంలో బలహీనుడివి ఏడు, బలవంతుడివి మూడు పోయాయనుకుందాం. 17కి 9. మూడో యుద్ధాన్ని టేబుల్ మీద పరచడమే దండగ. మొదటి యుద్ధంలో ఒక పాచిక అడ్డం తిరిగితే మిగతా కాలమంతా ఒకే పక్షం ఆడుతుంది. ఓడిన ముఠా ముందు ఆర్డర్లు ఆలస్యంగా పంపుతుంది, తర్వాత పంపడం మానేస్తుంది. కాంపెయిన్లు సాధారణంగా చచ్చేది ఇలాగే.

చరిత్ర వైపునుంచి చూసినా తీసేసిన దళం అంటే చచ్చిన దళం కాదు. చెదిరింది, పారిపోయింది, గాయపడింది, అడవిలో దారి తప్పింది. 1759 ఆగస్టు 12న కూనర్స్‌డార్ఫ్‌లో ఓడిన రాత్రి ప్రష్యా రాజు ఫ్రెడరిక్ చేతిలో 3,000 మంది కూడా లేరని తనే రాసుకున్నాడు. కొద్ది రోజుల్లోనే అంతకు ఎన్నో రెట్లు తిరిగొచ్చి చేరారు. మీ రూల్ ప్రకారమైతే ఆ రాత్రికే కాంపెయిన్ ముగిసింది.

నేను వాడమనేది ఇది: గెలిచి మైదానం నిలబెట్టుకున్నవాడికి పోయినవాటిలో నాలుగింట మూడొంతులు, ఓడినవాడికి సగం తిరిగి రావాలి. పై ఉదాహరణలో అది 23కి 20 అవుతుంది. గెలుపుకి విలువ ఉంటుంది, తర్వాతి యుద్ధానికి ప్రాణమూ ఉంటుంది.

తెల్లకోటు:
కూనర్స్‌డార్ఫ్ సగమే చెప్పారు కొలతబద్ద గారూ. మనుషులు తిరిగొచ్చారు సరే, 170కి పైగా ఫిరంగులు తిరిగి రాలేదు. కాబట్టి మీ నిష్పత్తి కాల్బలానికీ గుర్రపుదళానికీ సరిపోతుంది గానీ బ్యాటరీలకు (ఫిరంగి దళాలకు) వర్తించకూడదు. ఓడిన పక్షం బ్యాటరీ ఆట చివర శత్రువుకి 12 అంగుళాల లోపల ఉంటే పట్టుబడినట్టే. కొత్త బ్యాటరీ కావాలంటే మేగజీన్ (సైన్యపు నిల్వల గిడ్డంగి) ఉన్న ఊళ్లో రెండు మ్యాప్ టర్న్‌లు ఆగాలి.

ఇంకో సంగతి. కూనర్స్‌డార్ఫ్‌లో గెలిచిన రష్యన్లు, ఆస్ట్రియన్లకీ 15,000 మందికి పైగా పోయారు. అందుకే బెర్లిన్ దారి తెరిచి ఉన్నా అటు నడవలేదు. గెలిచిన సైన్యం తన దళాల్లో మూడోవంతు పోగొట్టుకుంటే తర్వాతి మ్యాప్ టర్న్‌లో కదలకూడదు అని రాయండి. మీరు భయపడే ఏకపక్షపు పరుగుని ఈ ఒక్క రూలే సగం ఆపుతుంది.

కొలతబద్ద:
ఫిరంగుల మాట ఒప్పుకుంటున్నా. కదలకూడదు అన్నదీ బాగుంది, కాకపోతే మూడోవంతు ఎక్కువ, పావు చాలు. 24లో నాలుగు పోతే ఎలాగూ తగలదు, ఆరు పోతే తగులుతుంది.

రంగులడబ్బా:
మీరిద్దరూ సంఖ్య పట్టుకుని వేలాడుతున్నారు. క్లబ్‌లో ఒకడు వారాల తరబడి కూర్చుని బటన్లకు కూడా రంగు వేసిన రెజిమెంట్ మొదటి యుద్ధంలో పోయిందని ఆరు నెలలు పెట్టెలో పెట్టమంటారా? వాడు మళ్లీ రాడు. బొమ్మలు టేబుల్ మీద ఉండనివ్వండి, నాణ్యత తగ్గించండి. సగానికి పైగా నష్టపోయిన దళం ఒక మెట్టు దిగుతుంది: ఆరితేరినది మామూలుది అవుతుంది, మామూలుది కొత్తరకం అవుతుంది. మోరేల్ పరీక్షలో (దళం ధైర్యం నిలుస్తుందా అని చూసేది) పాచిక మీద ఒకటి తక్కువ, అంతే.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1757 జూన్‌లో కొలీన్‌లో ప్రష్యన్లు 13,000 మందికి పైగా పోగొట్టుకున్నారు. సైన్యం మిగిలింది, పాత కాల్బలం మాత్రం మళ్లీ దొరకలేదు. అంతకుముందు 1756లో పిర్నా దగ్గర లొంగిపోయిన సాక్సన్లను బలవంతంగా ప్రష్యన్ కోట్లు తొడిగి నిలబెట్టారు, వీలు దొరకగానే చాలామంది పారిపోయారు. సంఖ్య నిండింది, పని జరగలేదు. మీ కాంపెయిన్‌లో చలికాలపు విడిది టర్న్ పెట్టి, పోయిన దళాలన్నీ అక్కడ తిరిగి ఇవ్వండి, కానీ కొత్తరకంగా. అప్పుడు రెండో ఏడాది ప్రష్యన్ ఆటగాడికి మొదటి ఏడాది ధీమా ఉండదు.

తెల్లకోటు:
నాణ్యత ఒక్కటే తగ్గిస్తే నా మొదటి అభ్యంతరం అలాగే ఉంది. మోరేల్‌లో ఒకటి తక్కువైతే భయపడి వెనక్కి తగ్గే ఆటగాణ్ణి నేను నమ్మను. దళం లేదు అంటే భయం.

ఆరోపాచిక:
వెనక్కి తగ్గాలని మీరంతా అంటున్నారు, తగ్గేదెలాగో ఎవరూ రాయలేదు. రూల్ లేకపోతే ఉపసంహరణ అంటే టేబుల్ అంచు దాకా నడుస్తూ వీపు మీద కాల్పులు తినడమే. దానికంటే నిలబడి చావడం లాభం. అందుకే ఎవరూ తగ్గరు, నష్టాల రూల్ ఏదైనా సరే. ఇలా రాయండి:

తన టర్న్ మొదట్లో సేనాధిపతి ఉపసంహరణ ప్రకటిస్తాడు. ప్రకటించేముందు వెనుకదళంగా కనీసం మూడు దళాలను చూపించాలి. మిగతావి తమ అంచుకి పోతాయి. వెనుకదళం రెండు టర్న్‌లు నిలబడితే తరమడం లేదు. విరిగితే, గెలిచినవాడి దగ్గర సగం బలమైనా మిగిలిన ప్రతి గుర్రపుదళానికీ ఒక పాచిక. 4 పైన పడితే పారిపోతున్నవాటిలో ఒక దళం ఖైదీ. ఖైదీ అయిన దళానికి కొలతబద్ద గారి సగం వాటా వర్తించదు, పూర్తిగా పోయినట్టే. ఇప్పుడు ముందే తగ్గినవాడికి లాభం, ఆలస్యంగా తగ్గినవాడికి దెబ్బ. గుర్రపుదళాన్ని చివరిదాకా దాచుకోవడానికీ కారణం దొరికింది.

ఇక రాతపని. ఏ రూల్ పెట్టినా చెడేది ఇక్కడే. టేబుల్ సర్దేముందే రోస్టర్ (దళాల జాబితా) మీద ఇద్దరూ సంతకం పెట్టి, ఫొటో తీసి అంపైర్‌కి పంపాలి. ఇంటికెళ్లి పంపుతాం అంటే వారం తర్వాత ఎవరి లెక్క వాళ్లది. పాచికలు కూడా అక్కడే వేయాలి: ఎన్ని దళాలు తిరిగొస్తాయన్నది ఇంట్లో వేసుకునే పాచిక కాదు. ఒక్కో దళానికి మూడు గడులు చాలు: బలం, నాణ్యత, తిరిగొచ్చే టర్న్. నాలుగో గడి పెడితే ఎవరూ నింపరు.

మ్యాప్‌మాస్టర్:
ఉపసంహరణ రూల్ ఉన్నదున్నట్టు తీసుకుంటున్నా. రెండు ప్రశ్నలు. తిరిగొచ్చే దళాలు ఎక్కడ తిరిగొస్తాయి? యుద్ధం ఆ సాయంత్రానికి తేలకపోతే?

కొలతబద్ద:
మొదటిది: మేగజీన్ ఉన్న దగ్గరి ఊళ్లో, సైన్యంతో కాదు. ఆ కాలపు సైన్యాలు నిల్వల నుంచి అయిదు మజిలీలకు (రోజు నడకలకు) మించి పోవడానికి జంకేవి, రొట్టెల బండ్లు అంతకన్నా దూరం అందుకోలేవు. కాబట్టి మేగజీన్‌కి అయిదు మజిలీలు దాటిన సైన్యానికి తిరిగొచ్చేవి చేరవు, పైగా ప్రతి దళానికీ ఒక పాచిక, 1 పడితే ఆ దళం దారిలో చెదిరినట్టు. గెలుస్తూ లోపలికి దూసుకుపోయేవాడికి ఇదే కళ్లెం. సంఖ్యల పట్టికలతో సరిదిద్దాలని చూడకండి, మ్యాపే సరిదిద్దుతుంది.

తెల్లకోటు:
ఇది నా రూల్ కన్నా కటువు. నాకు నచ్చింది.

ఆరోపాచిక:
రెండోది: ఎనిమిది టర్న్‌లు లేదా మూడు గంటలు, ఏది ముందైతే అది. తేలకపోతే రాత్రి పడినట్టు. ఇద్దరూ అంపైర్‌కి చీటీ రాసి ఇవ్వాలి: నిలబడతారా, తప్పుకుంటారా. ఇద్దరూ నిలబడతామంటే అదే టేబుల్, అదే దళాలు, ఆ రోజు పోయినవాటిలో ఒక్కటీ తిరిగి రాదు. ఒకరే తప్పుకుంటే తరమడం లేదు గానీ మైదానం రెండోవాడిది, నాలుగింట మూడొంతుల వాటా వాడికే. ఇద్దరూ తప్పుకుంటే ఇద్దరికీ సగం.

రంగులడబ్బా:
చీటీ రాయడానికి అయిదు నిమిషాలే ఇవ్వండి, భాగస్వాములతో మాట్లాడనివ్వకండి. ఒక పక్షాన నలుగురున్నప్పుడు చీటీ మీద నలుగురి పేర్లూ కాదు, అక్కడున్న సేనాధిపతి పేరొక్కటే ఉండాలి. నాణ్యత మెట్టు సంగతి మాత్రం నేను వదల్లేదు. తిరిగొచ్చిన దళాలకు అది పెట్టకపోతే చలికాలం టర్న్ ఎందుకో ఎవరైనా చెప్పండి.