కర్నూలు జిల్లాలో పేగు క్యాన్సర్ ప్రచారం: ఊళ్ళల్లో మల పరీక్ష కిట్లు పంచాలా, వద్దా?

తుంగభద్ర_కర్నూలు

అందరికీ నమస్కారం. పెద్దపేగు, దాని చివరి భాగమైన పురీషనాళం క్యాన్సర్ల మీద కర్నూలు చుట్టుపక్కల మేం కొందరం కలిసి ప్రచారం చేస్తున్నాం. బస్టాండులో కరపత్రాలు, సంతలో మైకు, కాలేజీల్లో ఒక గంట మాట్లాడటం, ఇదీ ఇప్పటిదాకా మా పని. మార్చిని ప్రపంచమంతా ఈ క్యాన్సర్ అవగాహన నెలగా పాటిస్తారు కాబట్టి ఈసారి కొంచెం పెద్దగా చేద్దామనుకున్నాం. బెంగళూరులో ఉద్యోగం చేసే మావాడొకడు వెయ్యి ఫిట్ కిట్లు కొనిస్తానన్నాడు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: ఇంట్లోనే చిన్న పుల్లతో మలం కొంచెం తీసి సీసాలో పెట్టి ఇస్తే, కంటికి కనపడని రక్తం ఉందేమో ల్యాబులో చూస్తారు. పాత పద్ధతిలో లాగా ముందు రోజుల్లో మాంసం మానాల్సిన పని లేదు.

మాలో సగం మంది పంచుదామంటున్నారు. ఇప్పుడు వద్దని నేనంటున్నాను. కిట్టు క్యాన్సర్ ఉందని చెప్పదు, రక్తం ఉందని మాత్రమే చెబుతుంది. పాజిటివ్ వచ్చినవాళ్ళకు కొలనోస్కోపీ చేసి, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని కింది నుంచి పెద్దపేగులోకి పంపి లోపల చూస్తేనే సంగతి తేలుతుంది. కోసిగిలోనో, పత్తికొండలోనో ఒక మనిషి చేతిలో పాజిటివ్ కాగితం పెట్టి "ఇక మీరే చూసుకోండి" అని మేం వచ్చేస్తే, అతనికి మేం చేసింది మేలు ఎట్లవుతుంది? స్కోప్ దాకా చేయి పట్టుకొని తీసుకెళ్ళగలిగినంత మందికే పరీక్ష చెయ్యాలి, అంతకు మించి ఒక్కరికి కూడా వద్దు. ఇదీ నా వాదన. మీరేమంటారు?

పెన్నా_కడప

తమ్ముడూ, నేను ఒప్పుకోను. లక్షణాలు బయటపడేదాకా కూర్చుంటే ఇంక ముందుగా పట్టుకునేదేముంది? ఈ క్యాన్సర్ చాలావరకు పేగు లోపలి గోడ మీద పాలిప్ అనే చిన్న బుడిపెలా మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి చాలాసార్లు పదేళ్ళ దాకా పడుతుంది. ఆలోపు స్కోప్‌లో కనపడితే అక్కడికక్కడే కత్తిరించి తీసేస్తారు. ఇంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు ఎన్నున్నాయి?

అమెరికాలోని మిన్నెసోటాలో వేలమంది మీద ఏళ్ళ తరబడి చేసిన పరిశోధన ఫలితాలు 1993లో వచ్చాయి. ఏటా మల పరీక్ష చేయించుకున్న గుంపులో ఈ క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయి. జపాన్‌లో 1992 నుంచి 40 దాటినవాళ్ళకు మల పరీక్ష పెట్టారు. ఇంగ్లండు 2006లో మొదలుపెట్టి 2019లో ఫిట్‌కు మారింది. మన దగ్గర ప్రభుత్వం ఇంటింటికీ వచ్చి చూసేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడు క్యాన్సర్లకే. పేగు ఆ జాబితాలో లేదు. ప్రభుత్వం చెయ్యని చోట కాకపోతే వాలంటీర్లు ఇంకెక్కడ పనికొస్తారు? "ఏర్పాట్లన్నీ అయినాక చేద్దాం" అంటే మన సీమలో ఏదీ కాదు. వెయ్యిమందికి చేసి పాజిటివ్‌లు తేలితే, ఆ లెక్క పట్టుకొని కలెక్టర్ దగ్గరికి పోయి అడగొచ్చు.

సర్జరీ_పీజీ

పెన్నా అన్నా, మీరు చెప్పిన మిన్నెసోటా విషయం నిజమే. కానీ అక్కడ పాజిటివ్ వచ్చినవాళ్ళను యూనివర్సిటీ ఆసుపత్రికి పిలిచి కొలనోస్కోపీ చేశారు. చావులు తగ్గడానికి పుల్ల ఒక్కటే కారణం కాదు, దాని వెనక నిలబడ్డ ఆసుపత్రి కూడా.

ఇంకో మాట. జపాన్‌లో, బ్రిటన్‌లో ఏటా లక్షకు 30 మందికి పైగా ఈ క్యాన్సర్ వస్తుంది. మన దేశంలో అది 5 దగ్గర ఉంది. తక్కువ మందికి వచ్చే జబ్బుకు అందరినీ పరీక్షిస్తే, పాజిటివ్‌లలో మొలలు, పగుళ్ళ లాంటివే ఎక్కువ తేలతాయి. వాళ్ళందరూ క్యాన్సరేమోనన్న టెన్షన్‌తో వారాలు గడపాలి.

అలాగని మన దగ్గర ఈ జబ్బు చిన్నదని కాదు. 2022 అంచనా ప్రకారం దేశంలో ఏడాదికి సుమారు 70 వేల కొత్త కేసులు. ముంబయి టాటా మెమోరియల్ వాళ్ళు 2017లో ప్రచురించిన పరిశీలన చూడండి: 800 మంది రోగులు, సగటు వయసు 47. అందరికంటే ఎక్కువమందికి గడ్డ ఉన్నది పురీషనాళంలో, అంటే పేగు చిట్టచివర. అక్కడి గడ్డలు చాలావాటికి కిట్టు అవసరం లేదు, స్కోప్ కూడా తర్వాతి మాట. గ్లవ్స్ వేసుకొని వేలితో చూస్తే గట్టిగా తగులుతుంది. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. మా ఓపీకి ఆరు నెలలుగా మొలల మందు వాడి వచ్చినవాళ్ళను "ఎవరైనా వేలు పెట్టి చూశారా?" అని అడుగుతాను. చాలామంది లేదనే అంటారు. వాలంటీర్లు ఒకే ఒక్క మాట జనంలోకి తీసుకెళ్ళగలిగితే అది ఇదే: "రక్తం పడుతుంటే, చూడకుండా మందు రాసేవాళ్ళ దగ్గర ఆగొద్దు." ఆడవాళ్ళు ఈ పరీక్షకు ఒప్పుకోరు. లేడీ డాక్టర్ ఏ రోజు ఉంటారో ముందే కనుక్కొని ఆ రోజే తీసుకురండి, సగం సమస్య తీరుతుంది.

ఆశా_ఆలూరు

అన్నలారా, నేను ఆశా కార్యకర్తను. మీరందరూ మార్చి మార్చి అంటున్నారు. మార్చిలో మా పక్క ఊళ్ళల్లో ఎవరుంటారు? సంక్రాంతి అయినాక సుగ్గికి, అంటే వలస కూలికి పోయినవాళ్ళు గుంటూరు పక్క మిరపకోతల్లో ఉంటారు. తిరిగొచ్చేది ఉగాదికి. ఊళ్ళో ముసలోళ్ళు, బడికి పోయే పిల్లలు తప్ప గడప గడపకూ తాళమే. కిట్లు పంచినా, మైకు పెట్టినా వినేవాళ్ళు లేరు. ఏం చేసినా పండగ తర్వాత పెట్టుకోండి, లేదంటే వానలకు ముందు.

రెండోది, రక్తం పడితే మా వాళ్ళు ముందు అనేది "వేడి చేసింది" అని. మిరపకోతల్లో ఎండకు తిరిగాం, కారం తిన్నాం, వేడి చేసింది అని సబ్జా గింజలు తాగుతారు, మజ్జిగ తాగుతారు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ. ఆయన మొలలకని ఆయింట్‌మెంట్ ఇస్తాడు. ఆయన్ను తిట్టి లాభం లేదు, రాత్రి పన్నెండుకు పిలిచినా పలికేది ఆయనే. మీటింగు పెడితే ఆర్‌ఎంపీలకే ముందు పెట్టండి. "రెండు వారాలు చూడు, తగ్గకపోతే కర్నూలుకు పంపు" అని ఆయన నోటితో చెప్తే జనం వింటారు. మీ కరపత్రం చదివి ఎవరూ పోరు.

ఇంకొకటి డాక్టర్ గారిని అడగాలి. రక్తహీనత అని మేం చూసేది ఆడవాళ్ళను, పిల్లలను. మగవాళ్ళకు ఎవరూ చూడరు. నడిస్తే ఆయాసం అంటున్న యాభై దాటిన మగమనిషికి రక్తం తక్కువుంటే, ఐరన్ మాత్రలు ఇచ్చి ఊరుకోవచ్చా?

సర్జరీ_పీజీ

అక్కా, చాలా మంచి ప్రశ్న. ఊరుకోకూడదు. పెద్దపేగు కుడివైపు గడ్డ ఉంటే రక్తం మలంలో కలిసిపోయి కంటికి కనపడదు. మొదట కనపడేది రక్తహీనతే. 50 దాటిన మగవాళ్ళలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో ఐరన్ ఎందుకు తగ్గిందో చూడకుండా మాత్రలు మాత్రమే ఇస్తే, కొన్నాళ్ళు హిమోగ్లోబిన్ పెరుగుతుంది, లోపల గడ్డ కూడా పెరుగుతుంది.

ఆదోని_పత్తి

మా నాయన గురించి రాస్తున్నాను. పేర్లు వద్దు. రక్తం పడుతోందని ఊళ్ళో చూపించాం. ఆపరేషన్ లేకుండా మొలలు మాన్పుతామని గోడ మీద రాసి ఉంటే అక్కడికీ పోయాం. ఇంజెక్షన్లు వేశారు, దారం కట్టారు, డబ్బు తీసుకున్నారు. ఒక్కరు కూడా సరిగా పరీక్ష చేయలేదు. కర్నూలులో గడ్డ నుంచి ముక్క తీసి బయాప్సీ చేసేసరికి లివర్‌కు పాకింది.

అందుకే నాకు కిట్లు వద్దనేవాళ్ళ మీద కోపం రావాలి. కానీ నాకు గుర్తున్న కష్టం వేరే. కొలనోస్కోపీ అంటే ముందు రోజు రాగిసంగటి, ఆకుకూర, గింజలున్న పండ్లు ఏవీ తినకూడదు. పేగు శుభ్రం చేసే పొడి రెండు లీటర్ల నీళ్ళలో కలిపి గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి. తాగిన గంట నుంచి దొడ్డికి పోతూనే ఉండాలి, పసుపు నీళ్ళలా వచ్చేదాకా. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు. ఆ మందు తాగి తెల్లవారుజామున ఆర్టీసీ బస్సులో ఎట్ల కూర్చుంటాడు మనిషి? మా నాయన సిగ్గుపడి సగమే తాగాడు. పేగు శుభ్రం కాలేదని మళ్ళీ ఇంకో తేదీ ఇచ్చారు. ఆ తేదీ వచ్చేసరికి నెల పోయింది.

ఆపరేషన్, కీమో ఆరోగ్యశ్రీలోనే జరిగాయి, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారే, అదే. అక్కడ మాకు ఇబ్బంది లేదు. రోగం ఏదో తేలేదాకా తిరిగిన తిరుగుడే మమ్మల్ని తినేసింది. మీరు కిట్ల మీద పెట్టే డబ్బుతో కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర బుధవారపేటలో లెట్రిన్ ఉన్న ఒక గది అద్దెకు తీసుకోండి. ముందు రోజు వచ్చి అక్కడే మందు తాగి, పొద్దున నడిచి ఆసుపత్రికి పోతారు.

సీమ_ల్యాబ్

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఎవరూ అడగని సంగతి ఒకటుంది, ఎండ. ఫిట్ వెతికేది హిమోగ్లోబిన్‌ను. వేడికి అది పాడవుతుంది. మార్చి, ఏప్రిల్‌లో మన దగ్గర 40 డిగ్రీలు మామూలే. సీసా ఇంటి కిటికీలో ఒక రోజు, మీ బండి డిక్కీలో ఒక పూట ఉంటే, రక్తం ఉన్నా లేదని రావొచ్చు. ఆ మనిషి "నాకేం లేదు, పరీక్ష చేయించుకున్నా" అని రెండేళ్ళు ఆగుతాడు. తప్పుడు పాజిటివ్ కన్నా నాకు దీని భయమే ఎక్కువ. పంచేటట్టయితే ఐస్ బాక్సులో తెచ్చి, ఆలస్యం లేకుండా ల్యాబుకు చేర్చాలి.

పెన్నా_కడప

గది ఆలోచన బాగుంది, కాదనను. ఎండ సంగతి నాకు తట్టలేదు. కానీ కిట్టును పూర్తిగా పక్కన పెట్టేయొద్దు. ఇంగ్లండులో 2023 నుంచి లక్షణాలున్నవాళ్ళకు కూడా ముందు ఫిట్ చేస్తున్నారు, ఎవరిని తొందరగా స్కోప్‌కు పంపాలో తేల్చుకోవడానికి. స్కోప్ దొరకడం కష్టమైన చోట అది ఇంకా ఎక్కువ పనికొస్తుంది కదా? రక్తం పడుతోందని వచ్చిన పదిమందిలో ముందు ఎవరిని పంపాలి? ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళనా?

ఇంట్లో అమ్మకో, నాన్నకో, తోడబుట్టినవాళ్ళకో ఈ క్యాన్సర్ వచ్చినవాళ్ళను కూడా మర్చిపోవద్దు. వాళ్ళు 40 ఏళ్ళకే, లేదా ఇంట్లో వాళ్ళకు వచ్చిన వయసుకు పదేళ్ళు ముందే చూపించుకోవాలంటారు. ఆదోని తమ్ముడూ, నీ వయసెంతో నాకు తెలియదు. నువ్వు, నీ తోడబుట్టినవాళ్ళు చూపించుకున్నారా?

ఆదోని_పత్తి

లేదన్నా. అది ఎవరూ మాకు చెప్పలేదు.

తాడిపత్రి_అక్క

ఇన్ని మాటల్లో ఆపరేషన్ అయి బతికున్నవాళ్ళ ఊసే లేదు. నాకు కింద గడ్డ. బెంగళూరులో ఆపరేషన్ చేశారు. పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి, మలం పడటానికి అక్కడ కట్టే సంచి నాకు శాశ్వతం. కొందరికి కొన్ని నెలలే ఉంటుంది, తర్వాత పేగు మళ్ళీ లోపలికి కలిపేస్తారు. ఊళ్ళల్లో మనుషులు పరీక్షకు రాకపోవడానికి సగం కారణం ఈ సంచి. "కోసి సంచి కడతారంట" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. దాని కన్నా చావే మేలు అన్న మనిషిని నేను చూశాను.

సంచితో బతకడం నేర్పితే వస్తుంది. పేగు చివర ఎంత వెడల్పుందో కొలిచి, దానికి తగ్గట్టు అంటుకునే రేకును గుండ్రంగా కత్తిరించాలి. కొంచెం పెద్దగా కత్తిరిస్తే మలం తగిలి చర్మం ఒరిసిపోతుంది. మా అనంతపురం ఎండకు చెమట పట్టి రేకు అంచుల నుంచి లేస్తుంది. తుడిచి, బాగా ఆరనిచ్చి, అరచేతితో కాసేపు అదిమి పట్టుకోవాలి. ఇవన్నీ ఆసుపత్రిలో ఒక్కసారి చూపిస్తారు. ఇంటికొచ్చినాక అడగడానికి ఎవరూ ఉండరు. కొనలేక పాలిథిన్ కవర్ గుడ్డతో కట్టుకునేవాళ్ళున్నారు.

అమెరికాలో ఒక టీవీ యాంకర్, కేటీ కౌరిక్, భర్త ఈ క్యాన్సర్‌తో 42 ఏళ్ళకే పోయాక, 2000లో తన కొలనోస్కోపీని టీవీలో చూపించింది. ఆ తర్వాత పరీక్షకు వచ్చేవాళ్ళు బాగా పెరిగారని లెక్కలు తీశారు. మన దగ్గర అంత పెద్దవాళ్ళు ఎవరూ అక్కర్లేదు. చీర కట్టుకొని, సంచి లోపల పెట్టుకొని, పెళ్ళిళ్ళకు పోయి భోజనం చేసి వచ్చే నాలాంటి ఆడమనిషి నాలుగు ఊళ్ళు తిరిగి చెబితే చాలు. నేను వస్తాను. ఆడవాళ్ళతో విడిగా కూర్చోబెట్టండి, మగవాళ్ళ ముందు వాళ్ళు నోరు విప్పరు.

తుంగభద్ర_కర్నూలు

అక్కా, మీరు వస్తానన్నందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

వెయ్యి కిట్లు పంచడం వద్దన్న నా మాట మారలేదు. ల్యాబ్ అన్న చెప్పిన ఎండ సంగతి విన్నాక ఇంకా గట్టిపడింది. కానీ పెన్నా అన్న చెప్పినట్టు, రక్తం పడుతున్నవాళ్ళలో ముందు ఎవరిని పంపాలో చూడటానికి కొన్ని కిట్లు తీసుకోవచ్చనిపిస్తోంది. పీజీ డాక్టర్ గారూ, వేలితో చూసిన తర్వాతే ఇస్తే ఎట్లుంటుంది?

సర్జరీ_పీజీ

అదే వరుస. ముందు డాక్టర్ చూడాలి. గడ్డ తగిలితే కిట్టుతో పని లేదు, నేరుగా బయాప్సీకి పోవాలి. ఏమీ తగలకపోతే ఫిట్, రక్తహీనత పరీక్ష. ఫిట్ నెగటివ్ వచ్చినా రక్తం ఆగకపోతే, బరువు తగ్గుతుంటే, మలం పోయే తీరు మారితే మళ్ళీ రావాలని కాగితం మీద పెద్దక్షరాలతో రాసివ్వండి.

పెన్నా_కడప

నేను పూర్తిగా ఒప్పుకున్నట్టు కాదు. లక్షణాలు లేనివాళ్ళను వదిలేస్తున్నామన్న బాధ నాకు ఉంది. వచ్చే ఏడు మళ్ళీ అడుగుతాను. గది అద్దెలో మూడు నెలలది నాది. ఆదోని తమ్ముడూ, నువ్వు, మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఆ గదిలో మొదట దిగండి.

తుంగభద్ర_కర్నూలు

బుధవారపేటలో రెండు ఇళ్ళు చూశాం. ఒకదానికి లెట్రిన్ బయట ఉంది, కుదరదు. రెండోది మొదటి అంతస్తు, ముసలివాళ్ళు ఎక్కలేరు. నేలమీది గది, లోపలే లెట్రిన్, రాత్రంతా నీళ్ళు వచ్చేది ఎవరికైనా తెలిస్తే ఇక్కడే రాయండి. ఆలూరు అక్కా, ఉగాది అయిన వారానికి మీ మండలంలో ఆర్‌ఎంపీల మీటింగు పెడదాం, ఎవరెవరిని పిలవాలో మీరు చెప్పండి. తాడిపత్రి అక్క ఆ రోజే వస్తారు.