జిప్సీ ఇంజన్: కీవే తిన్న క్రాంకుకు టైమింగ్ పుల్లీ మళ్లీ ఎక్కించవచ్చా?

జిప్సీ_1300:
జీ13బీబీ ఇంజన్ ఓవరాలింగ్‌లో ఉంది. క్రాంకు జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే భాగాలు) బాగున్నాయి. ముందు కొసన కీవే (పుల్లీని సరైన చోట నిలిపే చిన్న ముక్క, అంటే కీ, కూర్చునే గాడి) మాత్రం ఒక పక్క 0.5 మి.మీ. తినేసింది. కొత్త పుల్లీ, కీ, బోల్టు సిద్ధం. లాక్‌టైట్ 660 (సందులు నింపి పట్టే జిగురు) పెట్టి కూర్చోబెట్టమని ఒకరు, క్రాంకే మార్చమని ఇంకొకరు. మీ మాటేంటి?

ఆటోనగర్_పానా:
మార్చండి. ఆ కొస వ్యాసం 30 మి.మీ. అనుకుంటే, 0.5 మి.మీ. ఆటకి టైమింగ్ దాదాపు 1.9 డిగ్రీలు తప్పుతుంది. బండి నడిచేకొద్దీ ఆట పెరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు స్పార్కు పంచేది) ఉన్న బండిలో ఇగ్నిషన్ కూడా క్యామ్‌తో (వాల్వులు తెరిచే షాఫ్టుతో) పాటే వెనక్కి పోతుంది. చాలామంది డిస్ట్రిబ్యూటర్ తిప్పి సరిపెట్టేస్తారు, అసలు రోగం కింద అలాగే ఉంటుంది.

టార్క్_రెంచ్:
అన్నా, కీవే ఎందుకు తిన్నదో అడక్కుండా క్రాంకు మారిస్తే కొత్తదీ తింటుంది. కీ ఉన్నది పుల్లీని సరైన చోట నిలపడానికి, లోడు మోయడానికి కాదు. లోడు మోసేది బోల్టు బిగువు వల్ల ముఖాల మధ్య పుట్టే రాపిడి. కొన్ని ఫోర్డ్ ఇంజన్లలో క్రాంకు పుల్లీకి కీయే లేదు, బోల్టు బిగువు మీదే నడుస్తుంది. బోల్టు కాస్త వదులైతే ప్రతి ఫైరింగ్‌కీ పుల్లీ ముందుకూ వెనక్కీ కొట్టుకుని కీని నలిపేస్తుంది.

జీ13బీబీ టైమింగ్ పుల్లీ బోల్టు 130 న్యూటన్ మీటర్లు. ఫ్యాన్ బెల్టు పుల్లీని పట్టే చిన్న బోల్టులు 16 మాత్రమే, రెండూ కలిపేసుకోవద్దు. ఫ్లైవీల్ పళ్లలో స్టాపర్ పెట్టి బిగించాలి. టైమింగ్ బెల్టుతో గానీ క్యామ్‌తో గానీ క్రాంకును ఆపితే పళ్లు పోతాయి. ఇంపాక్ట్ గన్ విప్పడానికి సరే, బిగించడానికి వద్దు.

లేత్_షెడ్డు:
0.5 మి.మీ. అరుగుదల దాకా స్టెప్ కీ చేయించుకోవచ్చు: కింద వెడల్పు, పైన పుల్లీ గాడికి తగ్గ కొలత. ముందు తిన్న అంచును చదును చేసి గాడిని నిటారుగా తీయాలి, లేకపోతే కీ వాలుతుంది. పుల్లీ గాడి క్రాంకు అసలు గాడికి ఎదురుగానే రావాలి కాబట్టి, ఒక పక్కే తిన్న క్రాంకుకు స్టెప్ కూడా ఒక పక్కకే ఎక్కువ ఉండాలి. ఇక్కడే సగంమంది తప్పుతారు. వెల్డింగ్ వేసి మళ్లీ గాడి తీయడం నాకు నచ్చదు. వేడికి కొస వంగితే పుల్లీ ఊగుతుంది, ఆయిల్ సీలూ నిలవదు.

ఆటోనగర్_పానా:
మరి 660 మాటేంటి?

లేత్_షెడ్డు:
660 నింపేది 0.5 మి.మీ. వరకే, మీరు సరిగ్గా ఆ హద్దు మీద ఉన్నారు. స్టెప్ కీ వేశాక మిగిలే సందుకి వాడితే అర్థం ఉంది. నూనె తడి లేకుండా తుడిచి, రాసి, బిగించి, 24 గంటలు వదలాలి. తర్వాత విప్పాలంటే సుమారు 250 డిగ్రీల వేడి కావాలి, పక్కనే సీల్ ఉందన్నది గుర్తుంచుకోండి.

టార్క్_రెంచ్:
పుల్లీ ఎక్కించే ముందు గైడ్ ప్లేటు (బెల్టు పక్కకి జారకుండా ఆపే రేకు) పుటాకారం వైపు ఆయిల్ పంపు వైపుండాలి. తిరగేస్తే బెల్టు అంచు చెక్కుకుపోతుంది. పుల్లీ చేత్తో జారాలి. జారకపోతే అంచులో లేచిన గరుకు తీయండి, లేదా పుల్లీని కాస్త వేడి చేయండి. సుత్తి వేశారా, ఆ దెబ్బ త్రస్ట్ వాషర్ల (క్రాంకు ముందుకూ వెనక్కీ జరగకుండా ఆపేవాటి) మీద పడుతుంది.

జిప్సీ_1300:
బోల్టు థ్రెడ్‌కి నూనె పెట్టాలా, లాక్‌టైట్ 243 (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) పెట్టాలా?

ఆటోనగర్_పానా:
243 పెట్టండి, ఇంజన్ వణుకుడుకు బీమా.

టార్క్_రెంచ్:
నేను ఒప్పుకోను. థ్రెడ్‌కి నూనె పెడితే రాపిడి తగ్గి, అదే 130లో బోల్టు సాగుడు మూడో వంతు దాకా పెరగొచ్చు. 243 తడి కూడా కొంతమేర జారుడే. రెండూ లేకుండా శుభ్రంగా, పొడిగా ఉన్న థ్రెడ్ మీద 130 బిగిస్తే చాలు. 243 బోల్టు తిరిగిపోకుండా ఆపుతుందే గానీ, నూనెతో జారుతున్న పుల్లీ ముఖాన్ని పట్టదు. సీల్ లీకు ఉంటే ముందు అది చూడండి. 17 నంబరు పానాతో క్రాంకును సవ్యదిశలో రెండు చుట్లు తిప్పాక పుల్లీ గుర్తు ఆయిల్ పంపు బాణానికీ, క్యామ్ పుల్లీ గుర్తు సిలిండర్ హెడ్ కవరు మీది వీ గుర్తుకీ కలవాలి. బోల్టు తల నుంచి పుల్లీ మీదికి పెయింటు గీత ఒకటి గీయండి, తర్వాత ఎప్పుడు కవరు విప్పినా బోల్టు కదిలిందో లేదో చూడగానే తెలిసిపోతుంది.

ఆటోనగర్_పానా:
గీతకి సరే. 243 మీద మాత్రం నా మాట నాదే.