యూనిఫాం సరే, జుట్టు కూడా ఒకేలా ఉండాలా?

గీతలపుస్తకం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పుట్టుకతోనే ఉంగరాల జుట్టు. ఎంత గట్టిగా అల్లినా నుదుటి దగ్గర లేస్తుంది. ‘యూనిఫాంకు తగ్గట్టు లేదు, అణిచి దువ్వుకొని రా’ అని అందరి ముందూ వరుసలోంచి బయటికి పిలిచారట. ఒకే రకం బట్టలు వేయమంటే కాదనను. పిల్లలే ఒకేలా ఉండాలనడం ఏం క్రమశిక్షణ?

పాతబెంచీ: యూనిఫాం లేకపోతే నేను బడి మానేసేవాణ్ణి. నాకున్నవి అన్నయ్యకు పొట్టివైన చొక్కాలే. మా బడిలో ఏటా రంగు బట్టల రోజు ఒకటి ఉండేది. ఐదేళ్ళూ ఆ రోజు జ్వరమని చెప్పి పడుకున్నాను. వ్యక్తిత్వం, స్వేచ్ఛ అనేవాళ్ళ ఇళ్ళలో బీరువా నిండా బట్టలుంటాయి.

వెన్నెలకిటికీ: ఆవిడ జుట్టు గురించి అడిగితే మీరు చొక్కాల గురించి చెబుతున్నారు.

గీతలపుస్తకం: 2016లో దక్షిణాఫ్రికాలో, ప్రిటోరియా బాలికల ఉన్నత పాఠశాలలో నల్లజాతి అమ్మాయిలు సహజమైన తమ జుట్టు కోసమే నిరసనకు దిగారు. అమెరికా సుప్రీంకోర్టు 1969లోనే, యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు కట్టుకున్న విద్యార్థుల పక్షాన తీర్పిచ్చింది. బడి గేటు దగ్గర హక్కులు వదిలేసి లోపలికి వెళ్ళనక్కర్లేదని చెప్పింది.

పాతబెంచీ: ఆ తీర్పు చదివారా? ఈ వివాదం దుస్తుల రకానికో, జుట్టు తీరుకో సంబంధించినది కాదని అందులోనే రాసి ఉంది.

గీతలపుస్తకం: సరే, 2007లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది చూడండి. డర్బన్‌లో ఒక హిందూ అమ్మాయి ముక్కుపుడకను బడి ఒప్పుకోలేదు. కోర్టు యూనిఫాంను తప్పుపట్టలేదు, ఆ అమ్మాయికి మినహాయింపు ఇవ్వకపోవడం వివక్ష అంది.

పాతబెంచీ: ముక్కుపుడక వేరు, జుట్టు వేరు.

గీతలపుస్తకం: అవును, పుడకనైతే తీసి పెట్టవచ్చు!

మూడోగంట: నేను పాఠాలు చెప్పినన్నాళ్ళూ పొద్దున గేటు దగ్గర తనిఖీ నాదే. నల్ల బూట్లు లేవని ఒక కుర్రవాణ్ణి వెనక్కి పంపాను. మూడు రోజులు రాలేదు. ఉన్న ఒక్క జతా చిరిగిపోయిందని తర్వాత తెలిసింది. పేదరికాన్ని యూనిఫాం దాస్తుందంటున్నారు పాతబెంచీ గారు. ఆ రోజు గేటు దగ్గర దాన్ని బయటపెట్టింది నేనే.

పాతబెంచీ: మాస్టారూ, అది మీ తప్పు, యూనిఫాంది కాదు. చేసిన తప్పును బట్ట మీదికి నెట్టకండి. నా బతుకు నిలిపింది ఆ బట్ట!

నిశిగంధ: మాస్టారు తన తప్పు తానే చెప్పుకున్నారు కదా. కాస్త నెమ్మదిగా మాట్లాడండి.

గీతలపుస్తకం: మీ బతుకు నిలిపింది, కాదనను. కానీ మీరు ప్రతిసారీ దాచడం గురించే మాట్లాడుతున్నారు. పేదరికం మిమ్మల్ని నొప్పించింది కాబట్టి దాచుకున్నారు. నా కూతురికి తన జుట్టు వల్ల ఏ బాధా ఉండేది కాదు. అది దాచవలసిందని నేర్పింది బడి. ఇప్పుడు పొద్దున్నే అరగంట అద్దం ముందు నీళ్ళు పెట్టి అణుచుకుంటోంది. చూడలేకపోతున్నాను.

పాతబెంచీ: అమ్మా, ఇది మొదటే చెప్పవలసింది. నేను భయపడేది వేరే. ఇవాళ జుట్టంటారు, రేపు గడియారం, ఎల్లుండి బూట్లు. చివరికి ఆ రంగు బట్టల రోజే ప్రతిరోజూ అవుతుంది. నాలాంటి వాడు మళ్ళీ జ్వరమని పడుకుంటాడు.

గీతలపుస్తకం: నేను కొనేవాటి గురించి అడగలేదు. తనతో పుట్టినదాని గురించి అడిగాను.

పాతబెంచీ: పుట్టినదాని జోలికి వెళ్ళకూడదు. మీ అమ్మాయిని వరుసలోంచి పిలవడం తప్పే. రంగు బట్టల రోజు మాత్రం నేను ఒప్పుకోను.