అప్‌డేట్: గమ్ నమిలినా సిగరెట్ యావ ఎందుకు తగ్గలేదంటే

"నికోటిన్ గమ్ వాడుతున్నా టీ టైముకి యావ ఆగట్లేదు, పన్నెండో రోజున మళ్లీ రెండు కాల్చాను, మొదటికొచ్చినట్టేనా?" అని పోయిన నెల అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ చాలా థాంక్సండి. మీరన్నట్టే తప్పు గమ్‌లో లేదు, నమిలే పద్ధతిలో ఉంది.

మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోతుంది. వెక్కిళ్లు, గుండెల్లో మంట మిగులుతాయి. మెల్లగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. గమ్‌కి 15 నిమిషాల ముందు నుంచి, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింకు వద్దు. వాటి ఆమ్లం నికోటిన్‌ని ఇంకనివ్వదు. జగదాంబ సెంటర్లో టీ తాగుతూ నమిలిన గమ్మంతా అలాగే దండగైంది.

నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకి 2 ఎంజీ నికోటిన్ ఉన్న గమ్ చాలదు, 4 ఎంజీ గమ్ గురించి డాక్టర్‌ని అడగాలి. యావ ముదిరేదాకా ఆగకుండా మొదటి 6 వారాలు గంటకో, రెండు గంటలకో ఒకటి. రోజుకి 24 దాటకూడదు.

నాకు అసలు తట్టనిది కాఫీ సంగతి. పొగ మానేశాక కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. అవే కప్పులకి దడ, చిరాకు, నిద్రలేమి వస్తే సిగరెట్ లేక అనుకుంటాం. కాఫీ సగానికి తగ్గించండి.

ఇక మళ్లీ కాల్చామని గమ్ ఆపేయొద్దు. మిగిలిన పాకెట్ నీళ్లలో ముంచి పారేసి, గమ్ వేళకి గమ్ వేసుకోవడమే. యావ సాధారణంగా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది, బడ్డీ కొట్టు దగ్గర నిలబడకుండా నడుస్తూ ఉండండి. పొగ మానడానికి ఫోన్‌లో సాయం చేసే క్విట్‌లైన్ నంబరు 1800-11-2356, ఉచితం.