విజయనగరం కోటకి ఐదు విజయాలు: మంగళవారం లెక్క కుదరట్లేదు, ఎవరైనా చూసారా?

గంటస్తంభం_కుర్రాడు
అందరికీ నమస్తే. దసరాకి మా వీధి పిల్లలకి క్విజ్ పెడుతున్నాం, ప్రశ్నలు తయారుచేసే పని నామీద పడింది. మనందరం చిన్నప్పట్నుంచి బట్టీపట్టిన ప్రశ్న ఒకటుంది కదా, కోటకి ఐదు విజయాలు ఏవి అని. కట్టించింది విజయరామరాజు, ఊరు విజయనగరం, ఏడాది విజయ, తిథి విజయదశమి, వారం జయవారం అంటే మంగళవారం. శంకుస్థాపన 1713. ఇచ్చేముందు ఓసారి సరిచూద్దామని కూర్చున్నాను. విజయ నామ సంవత్సరం కరెక్టే, 2013 విజయ కాబట్టి అరవయ్యేసి ఏళ్ళు వెనక్కెళ్తే 1713 దగ్గర ఆగుతుంది. కానీ మంగళవారం రావట్లేదు. ఆ ఏడు విజయదశమి సెప్టెంబరు 29న పడుతోంది, అది శుక్రవారం. పంచాంగం తెలిసినవాళ్ళు కాస్త చూడండి.

మూడులాంతర్లు
శుక్రవారమా?? మా తాతకాణ్ణుంచి మంగళవారమే

పూల్‌బాగ్_మాస్టారు
బాబూ, నేను సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ ఐదు విజయాలూ ఎన్ని బ్యాచ్‌ల పిల్లలచేత రాయించానో, ఒక్క తల్లీతండ్రీ వచ్చి ఇది తప్పండి అన్లేదు. నువ్వు ఏ ఫోన్ యాప్‌లో చూసావో గాని ఆ యాప్‌లు వందేళ్ళు దాటితే పనికిరావు. పైగా ఇంగ్లీషువాళ్ళు 1752లో క్యాలెండర్లోంచి 11 రోజులు ఎత్తీసారు, అది తెల్సా నీకు? 1713 అంటే దానికి ముందు. ఆ పదకొండు కలుపుకుని చూడు, నీ శుక్రవారం ఎటు పోతుందో.

గంటస్తంభం_కుర్రాడు
మాస్టారూ, యాప్ కాదండి, చేత్తో వేసాను. 1715 మే 3న లండన్లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది, ఖగోళ శాస్త్రవేత్త హేలీ ముందే మ్యాప్ గీసి ఇచ్చిన గ్రహణం, ఆ రోజు శుక్రవారం. సూర్యగ్రహణం అంటే అమావాస్యే. అక్కణ్ణుంచి ఇరవై చాంద్రమాసాలు, అంటే 590 రోజుల పైచిల్లర వెనక్కొస్తే 1713 సెప్టెంబరు 19, 20 దగ్గర అమావాస్య తగులుతుంది. 20వ తారీఖు బుధవారం. దశమి 29న శుక్రవారం. తిథి ఒక పూట అటూ ఇటూ జరిగినా గురువారమో శనివారమో అవుతుంది గాని మంగళవారం దాకా ఎలగ వస్తుందండి?
ఇంక ఆ 11 రోజులు. 1752లో సెప్టెంబరు 2 బుధవారం, మర్నాడు సెప్టెంబరు 14 అన్నారు, కానీ అది గురువారమే. తారీఖు దూకింది, వారం దూకలేదు.

నాగావళి_ఒడ్డు
మీ ఊరికే కాదు మాకూ ఇదే గోల. మా సిక్కోలు పేరు నవాబుల కాలంలో శిస్తు మూటలు ఇక్కడ విప్పేవారు కాబట్టి సిక్కా ఖోల్ (నాణేల మూట విప్పు) అయిందని, అదే చికాకోల్, అదే తర్వాత శ్రీకాకుళం అని ఇప్పటికీ ప్రతి గ్రూపులోనూ వస్తుంది. శేర్ మహమ్మద్ ఖాన్ 1641లో జామియా మసీదు కట్టించిన మాట నిజమే, చికాకోల్ సర్కారు ఉన్న మాట నిజమే. కానీ కృష్ణా జిల్లా ఘంటసాల దగ్గర ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరి పేరు కూడా శ్రీకాకుళమే కదా, అక్కడెవరు మూటలు విప్పారు? శ్రీకాకుళం నోట్లో నలిగితే సిక్కోలు అవుతుంది, దాన్ని దొరలు చికాకోల్ అని రాసుకున్నారు. ఇందులో సిక్కాలేటి?

మూడులాంతర్లు
అన్నా వేరే పోస్టు పెట్టు, ఇది కోట గురించి

నాగావళి_ఒడ్డు
నేన్చెప్పేదీ అదే. అందంగా కుదిరిన కథ ఏదైనా సరే ఎవరో కుదిర్చినదే.

పూల్‌బాగ్_మాస్టారు
కుదిర్చినదే అంటే అబద్ధం అంటున్నారా? ముహూర్తం పెట్టిందెవరు, ఆస్థాన పండితులు. వాళ్ళకి రాని లెక్క లండన్ గ్రహణానికి వచ్చిందా? పోట్నూరులో ఉన్న రాజు ఇక్కడికొచ్చి కొత్త కోట కడుతున్నాడంటే ఏదో ఒక రోజు చూసి కొబ్బరికాయ కొట్టీడు కదా. అన్ని విజయాలూ కలిసొచ్చే రోజు చూసే పెట్టారు. అందుకే ఐదూ కలిసాయి.

గంటస్తంభం_కుర్రాడు
మాస్టారూ, ముహూర్తం బట్టి ఏడాదినీ తిథినీ ఎంచుకోవచ్చండి. ఆ తిథి ఏ వారం పడాలో ఏ పండితుడి చేతిలోనూ ఉండదు.

దాసన్నపేట_ఆడపడుచు
నాకొకటి తోస్తోంది. మన పైడితల్లమ్మ సిరిమాను పండగ ఎప్పుడు? విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం. దసరా, మంగళవారం, రాజుగారి కోట, మూడూ మన మనసులో ఒకే చోట ఉంటాయి. సిరిమాను కోట ముందరే తిరుగుతుంది, బురుజు మీద కూర్చుని రాజుగారి కుటుంబం చూస్తుంది. అమ్మవారి కథ ముడిపడింది బొబ్బిలి యుద్ధంతో, అది 1757 జనవరి. అంటే శంకుస్థాపన అయిన 43 ఏళ్ళకి. ఆ మంగళవారమే తర్వాత కోట కథలోకి వచ్చి చేరిందని నా అనుమానం.

పూల్‌బాగ్_మాస్టారు
అమ్మా, అమ్మవారి పండగని ఇందులోకి లాగొద్దు. ఇవాళ మంగళవారం తప్పు అంటారు, రేపు సిరిమానే తప్పు అంటారు. ఇలాగే ఒక సభలో నేను ఈ కథ చెప్తుంటే ముందు వరసలో ఒక కుర్రాడు లేచి నుంచుని ఆధారం ఏదండీ అన్నాడు. అంతమంది ముందర. మైకు నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఆధారం అడగడం నేర్చుకున్నారు గాని పెద్దవాళ్ళని ఎలగ అడగాలో నేర్చుకోలేదు మీరు.

గంటస్తంభం_కుర్రాడు
ఆ సభకీ నాకూ సంబంధం లేదండి. తప్పు సమాధానం రాసిన పిల్లకి మార్కు, లెక్కవేసి శుక్రవారం అని రాసిన పిల్లకి సున్నా, అది న్యాయమా చెప్పండి.

కంటోన్మెంట్_రైలు
ఒకటి మర్చిపోతున్నారు. పాత ఇంగ్లీషు గెజిటీరులో రాజధాని పోట్నూరు నుంచి ఇక్కడికి మార్చింది 1712 అని ఉంటుంది.

గంటస్తంభం_కుర్రాడు
1712 కూడా వేసాను. దశమి అక్టోబరు 10, సోమవారం. తిథి కాస్త జరిగితే మంగళవారం దొరకొచ్చు. కానీ అప్పుడు నందన నామ సంవత్సరం, విజయ పోతుంది. రెండూ ఒకే చోట నిలవవు, ఏదో ఒకటి వదులుకోవాలి.

పూల్‌బాగ్_మాస్టారు
చూసావా, మంగళవారం దొరికింది!

గంటస్తంభం_కుర్రాడు
దొరికితే విజయ పోయింది కదండీ!! ఇప్పటిదాకా నేను చెప్తున్నదేటి మరి. మీకు కావలసింది ఐదు అనే అంకె, అంతే.

దాసన్నపేట_ఆడపడుచు
తమ్ముడూ ఆగు. మాస్టారికి అంకె ఎందుక్కావాలో నేన్చెప్తాను, నాకూ కావాలి కాబట్టి. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక ఏ ఊరమ్మా అంటే విజయనగరం అంటాను, ఓ హంపీయా అంటారు. ఆఫీసులో అన్నారు, మా అపార్టుమెంటులో అన్నారు, ఒక ఇంటర్వ్యూలో కృష్ణదేవరాయల గురించి చెప్పమన్నారు. అమ్మ పంపిన ఆవకాయ పార్సిల్ని కొరియర్ వాళ్ళు కర్ణాటకలో హోస్పేటకి పంపీసారు, అక్కడ 2021లో విజయనగర జిల్లా వచ్చింది కదా, అడ్రసులో పిన్‌కోడ్ రాసున్నా ఎవరూ చూళ్ళేదు. జాడీ పగిలి నూనె కారి తిరిగొచ్చింది. వాళ్ళది 1336లో పుట్టిన ఊరు, 1565లో పడిపోయింది, మనది ఆ తర్వాత నూటయాభై ఏళ్ళకి ఇంకో రాజు కట్టుకున్న వేరే ఊరు, ఇది చెప్పడానికి నా దగ్గరున్నది ఆ ఐదు విజయాల కథొక్కటే. అది చెప్తేనే ఎదుటివాళ్ళు వింటారు. అందులోంచి ఒకటి తీసేస్తే నాకూ బాధే. కానీ తప్పని తెలిసాక నోటితో ఎలా చెప్పను?

పూల్‌బాగ్_మాస్టారు
అమ్మా, నా బాధ అదేనమ్మా. ఈ కుర్రాళ్ళు తీసెయ్యడమే గాని దాని బదులు పిల్లలకి ఏం చెప్పాలో చెప్పరు. ఖాళీ పెట్టి వెళ్ళిపోతారు. మన ఊరికి పుస్తకాల్లో ఒక పేరా ఉండదు, ఉన్న నాలుగు ముక్కలూ కూడా తీసేస్తే మిగిలేదేటి?

గంటస్తంభం_కుర్రాడు
ఈ మాట మొదటే అనుంటే ఇంత రభస లేకపోను. నేను తీసేది ఒక్కటే మాస్టారూ, నాలుగు ఉంటున్నాయి. రాజు పేరు, ఊరి పేరు, విజయ సంవత్సరం, విజయదశమి. మూడొందల ఏళ్ళనాటి ఏడాది పేరు లెక్కకి నిలబడిందంటే అది చిన్న సంగతా? ఇంకో ప్రశ్న కూడా కలిపాను: హంపీ విజయనగరం, మన విజయనగరం, రెంటికీ తేడా ఏమిటి?

నాగావళి_ఒడ్డు
అది బావుంది. మా వేపు నుంచి సిక్కోలు కూడా వెయ్యండి

పూల్‌బాగ్_మాస్టారు
ఆ ప్రశ్న పెట్టు, మార్కులు ఎక్కువ ఇయ్యి. మంగళవారం సంగతి నేను ఒప్పుకోను. మా బంధువుల్లో పంచాంగం గుణించే ఆయన ఉన్నారు, ఆయనచేత వేయించి ఇక్కడే పెడతాను.

గంటస్తంభం_కుర్రాడు
పెట్టండి మాస్టారూ, 1712, 1713 రెండూ వేయించండి. అప్పటిదాకా వారం ప్రశ్న పేపర్లోంచి తీసి పక్కన పెట్టాను.

మూడులాంతర్లు
క్విజ్ ఎక్కడ? మా పాపని పంపుతాను