చింతకు ‘ఇండికా’ సరా, ‘ఇండికస్’ సరా?

చర్చాంశం: చింత శాస్త్రీయ నామంలో మొదటి పదమైన ప్రజాతి (జీనస్) పేరు ‘అస్’తో ముగిసింది కాబట్టి టామరిండస్ ఇండికస్ అనాలని కొందరి వాదన. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టిన టామరిండస్ ఇండికాయే ఒప్పని మరికొందరంటారు.

పత్రహరితం: లాటిన్‌లో విశేషణం విశేష్యం లింగాన్నే అనుసరిస్తుంది: ఇండికస్, ఇండికా, ఇండికమ్. నువ్వులు సెసామమ్ ఇండికమ్, మామిడి మాంజిఫెరా ఇండికా. చింత దగ్గరే సూత్రం ఎందుకు తప్పాలి?

వ్యాకరణప్రియ: తప్పలేదండీ. ‘అస్’ ఉన్నంత మాత్రాన పుంలింగం కాదు. లాటిన్‌లో చెట్ల పేర్లు చాలావరకు స్త్రీలింగాలు. మన రావి ఫైకస్ రెలిజియోసా. చింతనూ ఆ కోవలోనే చేర్చారు.

పత్రహరితం: మరి శేషాచలం ఎర్రచందనం చెట్టు కాదా? టెరోకార్పస్ సాంటలైనస్ అంటున్నాం. అదే ప్రజాతిలో టెరోకార్పస్ ఇండికస్ కూడా ఉంది!

వ్యాకరణప్రియ: అది సమాసం. చివరి ‘కార్పోస్’ (కాయ) గ్రీకులో పుంలింగం, సమాసానికి ఉత్తరపదం లింగమే వస్తుంది. పనస కూడా అంతే, ఆర్టోకార్పస్ హెటెరోఫిల్లస్.

నామావళి: ఇద్దరూ వ్యాకరణం దగ్గరే ఆగారు. తేల్చేది అంతర్జాతీయ వృక్షనామ నియమావళి 62వ అధికరణం. ప్రజాతికి నామకరణ సంప్రదాయం ఏ లింగం ఇచ్చిందో అదే నిలుస్తుంది, ప్రాచీనుల వాడుక వేరైనా సరే. కాబట్టి ఇండికాయే.

పేరు రాసేటప్పుడు ముందు ప్రజాతి లింగం చూడండి. తర్వాత రెండో పదం విశేషణమో నామవాచకమో తేల్చుకోండి. ముష్టి చెట్టు పేరులోని ‘నక్స్-వొమికా’ నామవాచకం, ఎక్కడా మారదు. మర్రి పేరులోని ‘బెంగాలెన్సిస్’ విశేషణమే అయినా పుంలింగానికీ స్త్రీలింగానికీ ఒకటే రూపం.

తప్పులు ఎక్కువగా దొర్లేది మొక్కను వేరే ప్రజాతిలోకి మార్చినప్పుడు. పెసర ఫేసియోలస్ రేడియేటస్‌గా ఉండేది, విగ్నాలోకి వెళ్ళాక రేడియేటా అయింది. అది తేలిక. ఉలవ డాలికోస్ యూనిఫ్లోరస్ నుంచి మాక్రోటైలోమా యూనిఫ్లోరమ్‌గా మారింది. చివర ‘మా’ కనబడగానే యూనిఫ్లోరా అని రాసేస్తారు. గ్రీకు నుంచి వచ్చిన ఈ ‘మా’ నపుంసకం.

పత్రహరితం: లింగం సరే, అర్థం మాటేమిటి? చింత పుట్టిల్లు ఆఫ్రికా. టామరిండస్ వచ్చింది అరబ్బీ ‘తమ్ర్ హిందీ’ నుంచి, అంటే హిందూదేశపు ఖర్జూరం. హింద్, ఇండస్ రెండూ సింధు నుంచి పుట్టినవే. దానికి మళ్ళీ ‘ఇండికా’ తగిలించడం పునరుక్తి, పైగా తప్పుదారి పట్టిస్తుంది.

నామావళి: పునరుక్తి నిజమే. కానీ అర్థం అతకలేదన్న కారణంతో చెల్లుబాటయ్యే పేరును తోసిపుచ్చకూడదని 51వ అధికరణం. లింగం తప్పుంటే మాత్రం చివరి ప్రత్యయం దిద్దాలి, దాంతో పేరు పెట్టినవారు, సంవత్సరం మారవు.