ఎఫ్8 నొక్కితే బిల్లే పోతోంది, తప్పు ఎవరిది?

మాది మందుల షాపు. రాత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయింది. పొద్దున ఎఫ్8 నొక్కితే ప్రింట్ రావాల్సింది, బిల్లు క్యాన్సిల్ అవుతోంది. నాలుగు బిల్లులు పోయాక గానీ అర్థం కాలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేస్తే "రిలీజ్ నోట్స్ చదవలేదా సార్?" అన్నారు. అప్‌డేట్‌లో ఏమేం మారాయో రాసి ఇచ్చే వివరాలట అవి. కౌంటర్ ముందు ఆరుగురు నిలబడి ఉంటే ఎవరు చదువుతారండీ?

జవాబు 1:
నేనూ కోడ్ రాసేవాడినే. ఇది మావాళ్ల తప్పే. ఏళ్ల తరబడి వేలికి అలవాటైన కీని మార్చడం ఒకటైతే, "క్యాన్సిల్ చేయమంటారా?" అని కూడా అడగకపోవడం ఇంకోటి. 2012లో విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేస్తే జనం గోల పెట్టారు. మరుసటి ఏడాది 8.1లో మళ్లీ పెట్టక తప్పలేదు.

జవాబు 2:
అన్నీ వాళ్ల మీదే తోసేయకండి సార్. అప్‌డేట్ చేయాలా అని అడిగే ఉంటుంది. చూడకుండా ఓకే కొట్టిందెవరు?

అడిగినవారు:
నిజమే, కొట్టింది మా కుర్రాడు. కానీ అక్కడ "కొత్త ఫీచర్లు" అని తప్ప ఇంకేం లేదట. సెట్టింగ్స్‌లో పాత కీలు ఎక్కడైనా ఉన్నాయేమో వెతుకుతున్నాను. ప్రస్తుతానికి ఎఫ్8 మీద ప్లాస్టర్ ముక్క అంటించాం.